అన్నం సరే, వాటా ఏది?

తెలంగాణలో 2014లో ఆసరా మొదలైనప్పుడు వికలాంగుల పింఛను 1,500 రూపాయలు. 2019లో అది 3,016 అయింది. 2023లో 4,016. వేలు పెరిగాయంటే ధరలు పెరిగాయి, ఎన్నికలు వచ్చాయి, అర్థం చేసుకోవచ్చు. మరి ఆ పదహారు ఎక్కడి నుంచి వచ్చింది?

పెళ్లిలో చదివింపులు రాయించినవారెవరికీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదు. నూటపదహారు, వెయ్యినూటపదహారు. సున్నాతో ముగిస్తే అశుభమని మనం కానుకకు తగిలించే తోక అది. వృద్ధుల పింఛను 2,016కూ, కల్యాణలక్ష్మి 1,00,116కూ అదే తోక ఉంది. కలెక్టరు జీతానికి ఎవరూ పదహారు కలపరు. కాంట్రాక్టరు బిల్లుకు కలపరు. రైతు దగ్గర కొన్న వడ్లకు కలపరు. ఎవరికిచ్చేది తన దయ అని ప్రభుత్వం అనుకుంటుందో, వారి లెక్కకే ఈ శుభం అంటుకుంటుంది. హక్కుకు ముహూర్తం అక్కర్లేదు, కానుకకే కావాలి.

నేను పింఛనును చులకన చేయడం లేదు. మంచానికే పరిమితమైన మనిషికి ఇంట్లో ఒక మాట చెల్లుబడి అయ్యేలా చేసింది ఈ డబ్బే. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000 ఇస్తున్నారు, పూర్తిగా మంచాన పడ్డవారికి 15,000. ఇక్కడ 6,000 అన్నది 2023 ఎన్నికల హామీ. అడగాల్సిందే. అయితే ఎంత ఇస్తున్నారన్న లెక్కలో పడి, ఏ భావంతో ఇస్తున్నారన్నది మనం మరిచిపోతున్నాం.

ఆ భావం పాతది. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం ఆస్తి పంపకాల గురించి చెబుతూ, పుట్టుగుడ్డికి, చెవిటికి, మూగకు, పిచ్చివాడికి వాటా లేదంటుంది. ఆ వెంటనే, వారికి బతికినంత కాలం తిండీ బట్టా ఇవ్వాలంటుంది. యాజ్ఞవల్క్యుడు ఆ జాబితాలో కుంటివాణ్నీ చేర్చాడు. ఆ స్మృతికి వ్యాఖ్యానమైన మితాక్షరే మన దగ్గర వారసత్వానికి ప్రమాణంగా ఉండేది. దాన్ని 13వ శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. పోషణ ఉంది, భాగం లేదు. ఈ నియమాన్ని 1928 చట్టం చాలావరకు తీసేసింది, కానీ అది బ్రిటిష్ ఇండియా చట్టం, వరంగల్ అప్పటికి నిజాం రాజ్యంలో ఉంది. పైగా పుట్టుకతో మతి స్థిమితం లేనివారిని ఆ చట్టమూ వదిలేసింది. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాకే ఏ రోగమూ, ఏ లోపమూ వాటాకు అడ్డు కాదని తేలింది.

పొలం వాటా విషయంలో తేలింది. బడి, బస్సు, ఆఫీసు, ఉద్యోగం, పెళ్లి వీటిలో మాత్రం స్మృతి ఇంకా అమల్లోనే ఉంది.

ఎందుకు నడుస్తోందంటే, దాని కింద ఒక నమ్మకం ఉంది. అదే మనుస్మృతి పదకొండో అధ్యాయంలో పట్టిక కనిపిస్తుంది: పోయిన జన్మలో దీపం దొంగిలించినవాడు గుడ్డివాడుగా, గుర్రం దొంగిలించినవాడు కుంటివాడుగా, ధాన్యం దొంగిలించినవాడు అవయవ లోపంతో పుడతాడట. ఈ లెక్క చదివినప్పుడల్లా నాకొక సందేహం. మన దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది. సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. మరి పూర్వజన్మలో గుర్రాలు ఎత్తుకుపోయినవాళ్లంతా ఒక్కసారిగా ఏమైపోయారు? రెండు చుక్కల మందుకు చెరిగిపోయేది కర్మ ఎలా అవుతుంది? అది వైరస్.

వరంగల్‌లో వైకల్య ధ్రువపత్రాల కోసం సదరం శిబిరం జరిగే రోజు ఉదయమే వెళ్లి ఒక మూల నిలబడితే ఈ నమ్మకం ఎక్కడెక్కడ కట్టి ఉందో కంటికి కనిపిస్తుంది. ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకును చంకనెత్తుకుని నిలబడి ఉంది. పిల్లాడి కాళ్లు కత్తెరలా ఒకదానిమీదొకటి పడి బిగుసుకుపోయాయి, పాదాలు మునివేళ్లమీద నిక్కి ఉన్నాయి. జబ్బకు రాగి తాయెత్తు, మొలకు నల్లదారం, మెడలో దర్గాలో ఇచ్చిన రేకు, నుదుట విభూతి. చేతిలో పాలిథిన్ కవరు, అందులో ఆధార్ జిరాక్సు, మీసేవలో తీసుకున్న స్లాటు కాగితం. ఎట్లా అయిందమ్మా అని అడిగితే, "గ్రహణం నాడు సొరకాయ కోసిన సారూ, మా అత్త వద్దన్నా వినలే" అంది. తర్వాత వేరే ఏదో మాట్లాడుతూ, మధ్యలో అలవోకగా చెప్పింది: "పుట్టంగనే ఏడ్వలే. చానా సేపటికి మూల్గిండు."

ఆమె మొదటిదాన్ని కారణంగా చెప్పింది, రెండోదాన్ని ముచ్చటగా. ఆమెకు తిప్పి చెప్పినవారు తొమ్మిదేళ్లలో ఎవరూ లేరు. పుట్టిన బిడ్డ ఊపిరి తీసుకోకపోతే మొదటి నిమిషంలోనే ముక్కూ నోరూ కప్పే మాస్కు పెట్టి, సంచీ నొక్కుతూ గాలి పంపాలి. ఖర్చు తక్కువ, పని చిన్నది, చేతికి అలవాటు కావాలంతే. ఈ శిక్షణ కోసమే కేంద్రం 2009లో నవజాత శిశు సురక్షా కార్యక్రమం మొదలుపెట్టింది. కాళ్లు ఇలా బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ అంతా ఏడవకపోవడం వల్లే రాదు. నెలలు నిండక పుట్టడం, కామెర్లు ముదరడం, మెదడుకు ఇన్‌ఫెక్షన్ సోకడం కూడా కారణాలే. అవి కడుపులోనో, కాన్పు గదిలోనో, పుట్టిన తర్వాతో జరిగేవి. సొరకాయకు వాటిలో చోటు లేదు.

గ్రహణానికీ లేదు. గ్రహణమొర్రి అని మనం పిలిచేదాన్నే తీసుకోండి. కడుపులో బిడ్డ పైపెదవి అతుక్కునేది సుమారు ఆరో ఏడో వారంలో. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతి అప్పుడప్పుడే తెలుస్తుంటుంది. ఐదో నెల గర్భిణిని చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టి, గోరు గీరుకున్నా తప్పే అని కాపలా కాసే అత్తగారు, ఎప్పుడో మూసుకుపోయిన తలుపుకు తాళం వేస్తోందన్నమాట. ఇది ఇక్కడితో ఆగితే నవ్వి ఊరుకోవచ్చు. 2019 డిసెంబర్ 26 సూర్యగ్రహణం నాడు మన సరిహద్దు అవతలి కలబురగి జిల్లాలో వికలాంగులైన పిల్లల్ని అంగవైకల్యం పోతుందని మెడదాకా మట్టిలో పాతిపెట్టారు.

ఈ నమ్మకం వల్ల ఎవరికి లాభం? పూజారికి, మంత్రగాడికి అని మన హేతువాదులు వెంటనే అంటారు. వాళ్లకొచ్చేది చిల్లర. అసలు లాభం ప్రభుత్వానిది. బిడ్డ ఏడవని రాత్రి ఆ కాన్పు గదిలో డ్యూటీ ఎవరిది, సంచీ మాస్కు ఉన్నాయా, బీరువాలో పెట్టి తాళం వేశారా, ఏటూరునాగారం అడవి నుంచి దాదాపు వంద కిలోమీటర్లు వచ్చే అంబులెన్సు ఎన్ని గంటలకు కదిలింది అని ఆ తల్లి అడగాలి. అడగదు. తప్పు తన కత్తిపీటది అనుకుంటోంది కాబట్టి. తప్పు చేసినవాళ్లకు నాలుగు వేలిస్తున్నారంటే అది దయ కాక మరేమిటి? పదహారు అందుకే నప్పింది.

జనం కళ్లు మూసుకుని ఉంటారనీ కాదు. "జ్వరమొస్తే సూది వేయిస్తిమి, తెల్లారేసరికి కాలు పడిపోయింది" అని ఊళ్లలో ఇప్పుడు యాభై దాటిన పోలియో బాధితుల గురించి చెప్పేవారు. చదువుకున్నవాళ్లం అది అజ్ఞానం అన్నాం. నిజానికి పోలియో వైరస్ ఒంట్లో ఉన్నప్పుడు కండకు సూది వేస్తే పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుందని వైద్యశాస్త్రమే ఒప్పుకుంది. వాళ్ల చూపు సరైనదే. చూసినదాన్ని విని, అవసరంలేని సూదులు ఆపించే యంత్రాంగం లేకపోయింది. హేతువాదం అంటే పల్లెటూరి తల్లిని వెక్కిరించడం అనుకునేవారు ఈ సూది కథ గుర్తుపెట్టుకోవాలి.

అలాగే వస. పిల్లాడికి మాట రాకపోతే వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు. రెండేళ్లకు రాకపోతే "వాళ్ల తాత కూడా నాలుగేళ్లకే మాట్లాడిండు" అంటారు. వస సంగతి అలా ఉంచండి. పెద్ద హాని ఆ ఎదురుచూపులో ఉంది. మాట రాని పిల్లల్లో చాలామందికి నాలుక బాగానే ఉంటుంది, లోపం కొందరిలో వినికిడిది. మెదడు విని మాట బాగా నేర్చుకునే వయసు మొదటి రెండు మూడేళ్లు. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది, లక్షల విలువైన ఆపరేషన్ ఉచితం. ఆ వయసు దాటాక అదే ఆపరేషన్‌కు అంత ఫలితం రాదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి అంగన్‌వాడీలకూ బడులకూ వెళ్లి ఇలాంటివే కనిపెట్టాలి. పుట్టిన వారంలోనే ప్రతి బిడ్డకూ చెవి పరీక్ష చేస్తే, వస కోసం ఎవరూ ఎదురుచూడరు. పరీక్ష రాని చోటికి వస వస్తుంది.

మేనరికం సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. మేనమామను చేసుకున్న పిల్లకు అతనితో జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటాయి, మేనబావతో ఎనిమిదో వంతు. దాగి ఉన్న లోపం రెండు వైపుల నుంచీ కలిసే అవకాశం ఆ మేరకు పెరుగుతుంది. ఆస్తి బయటికి పోకూడదని చేసుకునే పెళ్లిళ్లు ఇవి. పుట్టిన చెవిటి పిల్లకు మాత్రం ఆ ఆస్తిలో పలుకుబడి ఉండదు.

స్వస్థత కూటాల పోస్టర్లు హనుమకొండ గోడలమీద చూస్తూనే ఉంటాం. కుంటివారు నడుచును, చెవిటివారు విందురు. వేదికమీద చంక కర్రలు విసిరేయించే దృశ్యం చూసి చప్పట్లు కొట్టినవారు, మర్నాడు ఆ మనిషి ఇంటికి ఎలా వెళ్లాడో చూడరు. మహిమతో, మంత్రంతో, తాయెత్తుతో గుడ్డితనం, చెవిటితనం, పక్షవాతం, మూర్ఛ నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఏ మతం వేదికకూ ఇందులో మినహాయింపు లేదు. ఆ చట్టం కింద ఎందరిని పట్టుకున్నారో పోలీసుల్ని అడిగి చూడండి.

ఇక వాటా సంగతి. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, 1995 చట్టంలోని ఏడు రకాల వైకల్యాలను 21 చేసింది. ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం అంది. ఉన్న ప్రభుత్వ భవనాలన్నిటినీ నియమాలు వచ్చిన ఐదేళ్లలోగా వికలాంగులు వాడుకునేలా మార్చాలంది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి, గడువు 2022 జూన్‌లో పోయింది. 2024 నవంబర్ 8న రాజీవ్ రాతూరీ కేసులో సుప్రీంకోర్టు, ఆ నియమాలు సలహాల్లా ఉన్నాయే తప్ప విధిగా పాటించేలా లేవని, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు రాయాలని ఆదేశించింది. కోర్టు ఆధారపడిన నివేదిక మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రానిది.

ఇప్పుడు ఏ జిల్లా అయినా సరే, సోమవారం ప్రజావాణి వార్తలు చూడండి. అధికారి మెట్లు దిగి వచ్చి, మూడు చక్రాల బండిలో ఉన్న మనిషి దగ్గర వంగి అర్జీ తీసుకున్న ఫొటో. పెద్ద మనసు అని శీర్షిక. ఆ మెట్ల పక్కన వాలుదారి ఉంటే అధికారి దిగే పని లేదు, ఫొటో లేదు, పెద్ద మనసూ లేదు. ఆర్టీసీలో వికలాంగులకు సగం టికెట్ రాయితీ ఉంది. పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు మాత్రం నేలనుంచి ఎప్పటి ఎత్తులోనే ఉంది. చంక కర్రలతో ఆ మెట్టెక్కలేనివాడు ఆటోకు పూర్తి డబ్బులిచ్చి వెళతాడు. రాయితీ కానుక, మెట్టు తగ్గించడం వాటా. మొదటిది ఏ ప్రభుత్వమైనా ఇస్తుంది.

పెళ్లి ప్రోత్సాహకం ఇంకో విచిత్రం. వికలాంగులను సకలాంగులు చేసుకుంటే డబ్బిచ్చేవారు. ఇద్దరూ వికలాంగులే అయితే చాలా ఏళ్లు ఇవ్వలేదు, ఈమధ్యనే ఆ జంటలకూ వర్తింపజేశారు. అంతకాలం ఆ సొమ్ము ఎవరికిచ్చినట్టు? త్యాగం చేసినందుకు ఎదుటివాడికి. ఎవరిని చేసుకోవడం త్యాగమో ప్రభుత్వమే జీవో రాసి చెప్పింది.

చివరగా ఒక పని చెబుతాను. సమాచార హక్కు చట్టం కింద అర్జీకి 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ మండలంలోని ప్రభుత్వ ఆస్పత్రికి మూడు ప్రశ్నలు రాయండి. పోయిన ఏడాది అక్కడ పుట్టగానే ఏడవని బిడ్డలు ఎందరు? వారికి ఊపిరి అందించడంలో శిక్షణ పొందిన సిబ్బంది ఎందరు, వారు ఏ షిఫ్టులో ఉంటారు? పుట్టిన పిల్లల్లో ఎందరికి చెవి పరీక్ష చేశారు? జవాబు వచ్చాక దాన్ని మీ ఊరి అంగన్‌వాడీలో తల్లుల ముందు చదివి వినిపించండి.