డబుల్ అంటే సవాలేనా? ఒక్కోసారి ప్రశ్న కూడా!

లాడ్ బజార్‌లో గాజుల బేరం ఎప్పుడైనా గమనించారా? దుకాణదారు ఓ రేటు చెబుతాడు. మీరు సరే అనరు, మీ రేటూ చెప్పరు. పక్కనున్న ఫ్రెండ్ వైపు తిరిగి ‘నువ్వే చెప్పు’ అంటారు. చార్మినార్ పక్కన రోజూ జరిగే ఈ సీన్ తెలిస్తే, బ్రిడ్జ్‌లో కొత్తవాళ్లని తికమకపెట్టే ‘టేకౌట్ డబుల్’ సగం అర్థమైనట్టే.

ముందు ఆట సంగతి. నలుగురు ఆటగాళ్లు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. తలా 13 ముక్కలు. ఆడేముందు వేలంపాట ఉంటుంది. ఏ రంగు తురుపు, ఎన్ని పట్లు గెలుస్తాం అన్నది అక్కడే తేలుతుంది. ‘ఒక ఆఠీను’ అంటే ఆరు మీద ఒకటి, అంటే 7 పట్లు. దానిమీద ‘డబుల్’ అంటే అసలు అర్థం ‘నీ వల్ల కాదు, పందెం పెంచుతున్నా’ అని.

కానీ 13లో 7 పట్లు చాలన్నవాణ్ణి ఓడించే చేయి మనకి అరుదుగా వస్తుంది. అందుకే చిన్న పాటల మీద డబుల్‌కి వేరే పని అప్పజెప్పారు. ప్రత్యర్థి ‘ఒక ఆఠీను’ అన్నాడు. మీకు ఆఠీను ఒక్కటే ఉంది. ఇస్పేటు, డైమను, కళావరు నాలుగేసి ఉన్నాయి. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 లెక్కన 13 పాయింట్లు. డబుల్ అనండి. ‘మిగతా మూడిట్లో నీకేది పొడుగ్గా ఉందో చెప్పు’ అని పార్ట్‌నర్‌కి అర్థం. చేతిలో ఒక్క బొమ్మ లేకపోయినా వాళ్లు జవాబు చెప్పాలి. బలమైన ఆఠీన్లు బారుగా ఉంటే తప్ప పాస్ అనకూడదు.

ఇంకోటి నెగెటివ్ డబుల్. పార్ట్‌నర్ ‘ఒక డైమను’ అన్నారు, ప్రత్యర్థి ‘ఒక ఇస్పేటు’ అని అడ్డుపడ్డాడు. మీకు 8 పాయింట్లు, నాలుగు ఆఠీన్లు ఉన్నాయి. ‘రెండు ఆఠీను’ అనాలంటే మామూలుగా ఐదు ఆఠీన్లు, 10 పాయింట్లు కావాలి. ఇక్కడ డబుల్ అంటే ‘నాకు ఆఠీన్లు నాలుగున్నాయి’ అని. దీన్ని 1957లో అమెరికన్ ఆటగాడు ఆల్విన్ రాత్ తెచ్చాడు. సోవియట్ ఉపగ్రహం ఎగిరిన ఏడాది కదా, ‘స్పుత్నిక్ డబుల్’ అని పేరు పడిపోయింది.

మాట కుదరకపోతే ఎంత నష్టం? ప్రత్యర్థులు ‘రెండు ఆఠీను’ గెలిస్తే వాళ్లకి 110. మీ ప్రశ్నని పార్ట్‌నర్ సవాలనుకుని పాస్ అంటే, అదే ఆటకి కనీసం 470!

గాజుల బేరంలో కన్ను గీటొచ్చు, మోచేత్తో పొడవొచ్చు. బ్రిడ్జ్‌లో అది మోసం. గట్టిగా ‘డబుల్’ అంటే సవాలు, మెల్లగా అంటే ప్రశ్న అనుకోవడం కుదరదు. అందుకే టోర్నమెంట్లలో నోరు తెరవకుండా ఎర్రటి ఎక్స్ గుర్తున్న కార్డు పెడతారు. మీ జట్టు ఒప్పందం ఏంటో ప్రత్యర్థి అడిగితే దాచకుండా చెప్పాలి. రహస్యంగా ఉండాల్సింది మీ ముక్కలే, మీ భాష కాదు.

ఈ వారం ఫోన్‌లో కొత్త పార్ట్‌నర్‌తో ఆడుతున్నారా? మొదటి డీల్‌కి ముందే రెండు ప్రశ్నలు అడగండి. మన టేకౌట్ డబుల్ ఎంత పాట వరకు? నెగెటివ్ డబుల్ ఎక్కడిదాకా? ‘మూడు ఇస్పేటు దాకా, ఆపైన సవాలే’ అని జవాబొస్తే చాలు, హాయిగా మొదలుపెట్టొచ్చు.