గెలిచాక వచ్చే సర్కారు

మొన్న చిక్కడపల్లిలో ఒక సన్మాన సభకు వెళ్లాను. వేదిక మీద ఒక పెద్దాయన, "మన ఆడపిల్లల ఆటలకు ప్రభుత్వం ఇంతకంటే ఏం చేయాలమ్మా? కోట్లు ఇస్తోంది, ఉద్యోగాలిస్తోంది" అన్నారు. చప్పట్లు మోగాయి. నాకు చేతులు రాలేదు. సభ అయ్యాక అశోక్‌నగర్ వైపు నడుస్తుంటే నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర, చెట్ల కింద, మెట్ల మీద గ్రూప్స్‌కి చదువుకునే అమ్మాయిలు కనిపించారు. వీపులు వంగిపోయి, మెడలు పట్టేసి, మోకాళ్ల మీద పుస్తకాలతో. వీళ్లలో ఎవరైనా చివరిసారి ఎప్పుడు ఆడి ఉంటారు? ఆరో తరగతిలోనా? ఏడులోనా? రజస్వల అయ్యాక అసలు ఎవరైనా ఆడనిచ్చారా?

ఆ కోట్లు ఎప్పుడు వచ్చాయో చూద్దాం. నిఖత్ జరీన్ 2022 మేలో ప్రపంచ బాక్సింగ్ విజేత అయింది. జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆమెకూ, షూటర్ ఈషా సింగ్‌కూ చెరో 2 కోట్లు ప్రకటించింది. 2024లో నిఖత్‌కు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. వాళ్లు దానికి నూటికి నూరుపాళ్లు అర్హులు. కానీ అది బహుమానం, శిక్షణ కాదు. 2014లో కేంద్రం తెచ్చిన పథకం పేరులోనే 'ఒలింపిక్ పోడియం' ఉంది. అంటే మెట్టు కనుచూపు మేరకు వచ్చినవాళ్లకే చేయూత. మొదటి మెట్టు దగ్గర నిలబడ్డ పదేళ్ల పిల్లకు ఎవరు దిక్కు?

ఆకుల శ్రీజ మన హైదరాబాద్ అమ్మాయి. 2022లో షిల్లాంగ్‌లో జాతీయ టేబుల్ టెన్నిస్ చాంపియన్ అయింది. అదే ఏడు బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్స్ దాకా వెళ్లింది. ఆమె ఆట తయారైంది ప్రైవేటు అకాడమీలో. అలాంటి అకాడమీలకు ఫీజు కావాలి, వేలు పోసి కొని కొన్ని నెలలకే మార్చే రబ్బర్లు కావాలి, ఊరూరా టోర్నమెంట్లకు చార్జీలు కావాలి. ఇవన్నీ పెట్టగలిగినా సరిపోదు. ఒక అమ్మ కావాలి. తెల్లారగట్ట లేచి టిఫిన్ కట్టి, స్కూటీ మీద దించి, గోడవారన కుర్చీలో మూడు గంటలు కాపలా కూర్చుని, మళ్లీ బడికి చేర్చే అమ్మ. ఆ చాకిరీ ఏ బడ్జెట్ లెక్కలోనూ ఉండదు. మన క్రీడా విధానం నిలబడింది ఆమె భుజాల మీదే. పెట్టుబడి అమ్మానాన్నలది, ఫోటో ప్రభుత్వానిది.

టేబుల్ టెన్నిస్‌నే ఎందుకు పట్టుకున్నానంటే, సర్కారు సాకులు చెప్పడానికి వీల్లేని ఆట ఇది. తొమ్మిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు బల్ల. ఒక గది, ఒక లైటు. ఎకరాల స్థలం అక్కర్లేదు. నగరంలో ఖాళీ జాగా ఎక్కడున్నా మగపిల్లల క్రికెట్ దాన్ని ఆక్రమించుకున్నాక, కప్పు కింద తలుపుల వెనక ఆడే ఈ ఆట ఆడపిల్లలకు ఎంత అనువైనదో! కానీ నేను చదివిన సర్కారు బడిలో ఒక బల్ల ఉండేది. మగపిల్లలు ఆడేవాళ్లు. మేం స్కోరు చెప్పేవాళ్లం. పరీక్షలొస్తే దాని మీద జవాబు పత్రాల కట్టలు పేర్చేవాళ్లు. బ్యాటు పట్టుకోవాలని ఉందని నేనెప్పుడూ అడగలేదు. అడగాలన్న ఊహే నాకు రాకుండా చేసిన ఏర్పాటు అది.

నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారి పేరు మీద బాలికల పాఠశాల ఉంది. 1928లో ఆయన పూనికతో మొదలైంది. ఆనాడు తెలుగులో ఆడపిల్లల చదువంటేనే వింత. అప్పుడు వాళ్లు 'ఎంతమంది ర్యాంకులు తెస్తారు' అని లెక్కవేసి బడి పెట్టలేదు. ఆడపిల్లలు రావాలి, అంతే. చదువును హక్కుగా చూసిన చోట ఆటను మాత్రం పందెపు గుర్రంగా ఎందుకు చూస్తున్నాం?

'అయితే చైనాలా చేయమంటారా' అని అడుగుతారు. 1988 నుంచి 2024 దాకా ఒలింపిక్ మహిళల సింగిల్స్ స్వర్ణాలన్నీ చైనావే. పసితనంలోనే ఏరి, ఇంటికి దూరంగా ఉంచి, పతకాల కోసం సానపట్టే ఆ పద్ధతిని నేను కోరడం లేదు. పతకమే కొలమానమైతే ఏమవుతుందో ఇక్కడా చూశాం. పారిస్‌లో మన మహిళల జట్టు తొలిసారి క్వార్టర్ ఫైనల్ ఆడింది. ఆ పోటీలో జర్మనీ మీద మనకు దక్కిన ఒకే ఒక్క గెలుపు అర్చనా కామత్‌ది. అది ముగియగానే, 24 ఏళ్లకు, ఆమె ఆట వదిలి చదువుకోవడానికి అమెరికా వెళ్లింది. ఆమె నిర్ణయాన్ని తప్పుపట్టను. ఆటా చదువూ ఒకే జీవితంలో ఇమడని ఏర్పాటును తప్పుపడతాను.

సర్కారు చేయి వేస్తే చాలదు, ఆ చేయి ఎలాంటిదో కూడా చూడాలి. తన దగ్గర శిక్షణ పొందే క్రీడాకారిణి కోసం ఓడిపొమ్మని జాతీయ కోచ్ ఒత్తిడి చేశాడని మనికా బాత్రా ఆరోపించి కోర్టుకెళ్లింది. 2022 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు సమాఖ్య కార్యవర్గాన్ని పక్కనపెట్టి పాలకుల కమిటీని వేసింది. 2023లో మల్లయోధురాళ్లు జంతర్ మంతర్ రోడ్డు మీద కూర్చున్నారు. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం స్టేడియాన్నీ, శిక్షణ కేంద్రాన్నీ పనిచేసే చోటుగానే గుర్తించింది. మన పిల్లలు ఆడే ఎన్ని హాళ్ల గోడల మీద ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు కనిపిస్తాయి?

ఇక మన సంగతి. స్త్రీవాదులం శరీరం గురించి ఎంతో రాశాం. గాయపడ్డ శరీరం, కనే శరీరం, అంగడి సరుకైన శరీరం. ఆడే శరీరం గురించి, చెమటలోని ఆనందం గురించి ఎంత రాశాం? స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చిన నగరం ఇది. ఇదే నగరంలో పుట్టిన సయీద్ సుల్తానా 1949 నుంచి 1954 దాకా వరసగా జాతీయ మహిళా టేబుల్ టెన్నిస్ చాంపియన్. 1956లో పాకిస్తాన్ వెళ్లి అక్కడా చాంపియన్ అయింది. ఆమె కూడా మనకు తెలియని మన చరిత్రే. క్రీడలంటే జాతీయవాదుల జెండా పండుగ అని మనం మొహం తిప్పుకున్నాం. ఆ ఖాళీలోకి జెండాలు మాత్రమే వచ్చాయి.

కాబట్టి అడగాల్సింది సన్మానాలు కాదు. ప్రతి సర్కారు బాలికల బడిలో, ప్రతి వార్డు కమ్యూనిటీ హాల్లో రెండు బల్లలు. సాయంత్రం రెండు గంటలు ఆడపిల్లలకే. నెల జీతమున్న మహిళా కోచ్. తలుపుకు గడియ ఉన్న మరుగుదొడ్డి. గోడ మీద ఫిర్యాదుల కమిటీ పేర్లు. హాలు నుంచి ఇంటికి చేర్చే బస్సు. అక్కడికొచ్చే వందమందిలో ఒక్కరూ చాంపియన్ కాకపోయినా ఆ ఖర్చు వృథా కాదు.

ఆ పెద్దాయనకు ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇది. ఆడపిల్లలు స్కోరు చెబుతూ నిలబడింది చాలు. వాళ్ల చేతికి బ్యాటు ఇవ్వండి.