స్వారీ చికిత్స: ఆశకూ భ్రమకూ నడుమ

1952వ సంవత్సరపు హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో, గుర్రపు స్వారీకి చెందిన డ్రెస్సేజ్ పోటీలో డెన్మార్కు దేశీయురాలు లిస్ హార్టెల్ రజత పతకం గెలుచుకొన్నది. ఒలింపిక్స్‌లో ఆ పోటీలోకి స్త్రీలకు ప్రవేశం లభించడం అదే మొదటిసారి. అంతకంటె విశేషమేమనగా, 1944లో పోలియో సోకిన ఆమెకు మోకాళ్ల దిగువ కండరాలు చచ్చుబడి ఉన్నవి. గుర్రమెక్కడానికీ, దిగడానికీ మరొకరి సాయం కావలసి వచ్చేది. 1956లో ఆమె మరల రజతం సాధించింది. వైకల్యం గలవారికి స్వారీ నేర్పాలన్న ఆలోచనకు ఈ విజయాలు గొప్ప ఊతమిచ్చినవి. 1969లో బ్రిటనులో రైడింగ్ ఫర్ ది డిసేబుల్డ్ అసోసియేషన్, అదే ఏడు అమెరికాలో, నేడు పాత్ ఇంటర్నేషనల్ అని పిలువబడుతున్న సంస్థ ఏర్పడినవి.

అయితే స్వారీ హార్టెల్ కాళ్లకు పూర్వపు శక్తిని తిరిగి తెచ్చి ఇవ్వలేదు. ఉన్న శక్తితోనే ఆమె సాధించగల కార్యాన్ని అది చూపింది. ఈ భేదం తెలియక, నేడు అమెరికాలోని తెలుగు కుటుంబాలలో కొందరు అద్భుతాన్ని ఆశించి స్వారీ కేంద్రాలకు వెళ్లి నిరాశ చెందుతున్నారు. మరికొందరు ఇదంతా వట్టి వేడుక అని తలచి ఆ దరికే పోవడం లేదు. రెండూ పిల్లలకు నష్టం కలిగించే ధోరణులే.

ఇందులోని శాస్త్రం సరళమైనది. మనిషి నడిచేటప్పుడు కటిభాగం ముందువెనుకలకు, పక్కలకు కదులుతూ స్వల్పంగా మెలి తిరుగుతుంది. నడుస్తున్న గుర్రం వీపుపై కూర్చున్నవారి కటిభాగం కూడా ఇంచుమించు అదే తీరున కదులుతుంది. గుర్రం అడుగు వేసినప్పుడల్లా తూలే శరీరాన్ని మెడ, నడుము, వెన్ను కండరాలు సర్దుకోవాలి. నిమిషానికి సుమారు 100 తడవల చొప్పున, అరగంటలో ఈ సర్దుబాటు దాదాపు 3000 సార్లు జరుగుతుంది. చక్రాల కుర్చీలో కూర్చున్న బిడ్డకు ఇటువంటి అభ్యాసం మరొక విధంగా లభించడం కష్టం.

ఇక్కడ రెండు పద్ధతులను వేరుగా గుర్తించాలి. ఫిజియోథెరపిస్టు వంటి అర్హత గల నిపుణులు గుర్రపు నడకను చికిత్సలో సాధనంగా వాడడం హిప్పోథెరపీ. శిక్షకులు వైకల్యానికి తగినట్లు మలచి స్వారీని నేర్పడం రెండవ పద్ధతి. మొదటిది వైద్యం, రెండవది విద్య. ఏది కావాలో తెలుసుకోకుండా రుసుము చెల్లించడం తగదు. బీమా సంస్థల నియమాలు కూడా ఈ రెంటికీ ఒకే విధంగా ఉండవు.

ఫలితాల మాటేమిటి? సెరిబ్రల్ పాల్సీ గల పిల్లలలో కూర్చునే తీరు, సమతౌల్యం మెరుగుపడినట్లు పలు పరిశోధనలు తెలిపినవి. కాని వానిలో అధిక భాగం కొద్దిమందితో, కొద్ది వారాలపాటు జరిగినవే. ఆటిజం విషయంలో 2015లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన పేర్కొనదగినది. 6 నుండి 16 ఏండ్ల వయసు గల 127 మందిని రెండు వర్గాలుగా విభజించి, 10 వారాలు ఒక వర్గానికి స్వారీ నేర్పారు. రెండవ వర్గానికి గుర్రాల స్పర్శ లేకుండా వాటిని గురించిన పాఠాలు చెప్పారు. స్వారీ నేర్చినవారిలో చిరాకు, అతిచురుకుదనం ఎక్కువగా తగ్గినవి. ఇది ఆశ కలిగించే ఫలితమే గాని, ఆటిజం నయమైనదని దీని అర్థం కాదు.

జట్కాబండికి, పెండ్లి ఊరేగింపుకు కట్టిన గుర్రాలనే ఎరిగిన అమ్మమ్మలు, తాతయ్యలు "నడవలేని పసివాణ్ణి గుర్రమెక్కిస్తారా?" అని కంగారుపడడం సహజం. ఆ భయం అర్థరహితం కాదు. మంచి కేంద్రంలో బిడ్డ తలకు హెల్మెట్ ఉంటుంది. గుర్రాన్ని నడిపేవారు ఒకరు, అవసరమైతే ఇరుపక్కలా నడిచేవారు ఇద్దరు ఉంటారు. అయినను అదుపులో లేని మూర్ఛలు ఉన్నవారికి, డౌన్ సిండ్రోమ్‌తోపాటు మెడ ఎముకల కీలు వదులుగా ఉన్నవారికి స్వారీ ప్రమాదకరం. వైద్యుని అనుమతి లేనిదే బిడ్డను గుర్రమెక్కించరాదు. శిక్షకుల అర్హత ఏమిటి, ఈ బిడ్డకు పెట్టుకొన్న లక్ష్యమేమిటి, దానిని ఎలా కొలుస్తారు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం ఇవ్వలేని చోటికి పోకపోవడమే మేలు. ఉన్న ఫిజియోథెరపీని మానిపించి దీనిలో చేర్చడం అంతకంటె పెద్ద పొరపాటు.

వీటన్నిటికంటె పెద్ద అడ్డంకి ఇంటిలోనే ఉన్నది. పూర్వజన్మ కర్మమని సరిపెట్టుకొని, నలుగురి ప్రశ్నలకు జడిసి, బిడ్డను పండుగ సభలకు సైతం తీసుకురాని తల్లిదండ్రులు ఉన్నారు. వారిని తప్పుపట్టే ముందు, ఆ ప్రశ్నలు వేసినవారెవరో తెలుగు సంఘాలు ఆలోచించుకోవాలి. స్వారీ కేంద్రాలు చాలావరకు స్వచ్ఛంద సేవకులపై ఆధారపడి నడుస్తున్నవి. కళాశాల ప్రవేశానికి సేవాకార్యాల కోసం వెదకే తెలుగు యువతీయువకులు ఆ గుర్రాల పక్కన నడవవచ్చును. తోటి తెలుగు బిడ్డ జీనుపై నిటారుగా కూర్చొనడం వారు కన్నులారా చూస్తే, రేపు సభలో ఆ బిడ్డను పలకరించడానికి సంకోచించరు.

హెల్సింకీలో హార్టెల్‌ను విజయవేదికపైకి చేర్చినవాడు ఆ పోటీలో స్వర్ణం గెలిచిన స్వీడన్ రౌతు హెన్రీ సాంసీర్. ఏటా ఉగాదికి పిల్లలందరినీ వేదికనెక్కించే తెలుగు సంఘాలు, మెట్లు ఎక్కలేని పిల్లలకు కూడా ఆపాటి చేయూతనివ్వాలి.