కడుపునొప్పి: వేచి చూడరాని వేళ

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల పెద్దాసుపత్రికి సుమారు 40 కిలోమీటర్లు. ఆ దూరంకన్నా ‘తెల్లవారాక చూద్దాం’ అనే మాటే ప్రమాదకరం.

అజీర్ణపు నొప్పి సాధారణంగా కొన్ని గంటల్లో తగ్గుతుంది. బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు పొత్తికడుపులోకి దిగి, వాంతులు, జ్వరంతో పెరిగే నొప్పి మాత్రం అపెండిసైటిస్ కావచ్చు. మనవారు ‘24 గంటల నొప్పి’ అనేది దీన్నే. విరేచనాల మందు ఇవ్వరాదు. అపెండిక్స్ పగిలితే ప్రాణాపాయం. కడుపు గట్టిపడినా, రక్తం కక్కినా, మలం తారులా నల్లగా వచ్చినా, గర్భిణికి తీవ్రమైన నొప్పి కలిగినా వెంటనే 108కు ఫోన్ చేయాలి.

రమజాన్‌లో ఇంటిల్లిపాదికీ సహరీ వండిన తల్లి, ఉపవాసం భంగమవుతుందని నొప్పిని దాచుకోరాదు. వ్యాధిగ్రస్తులు ఆ ఉపవాసాలను తరువాత పూర్తిచేసుకునే వెసులుబాటును దివ్యఖుర్ఆన్ (2:184) ఇచ్చింది. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. దుఆ చేస్తూనే వైద్యుని వద్దకు బయలుదేరుదాం.