డోసు నిర్ణయించే లెక్క మన ఆడవాళ్లది కావాలి

సికింద్రాబాద్ స్టేషన్‌లో బోయిగూడ వైపు దిగితే గాంధీ ఆసుపత్రి దగ్గరే. 2023 అక్టోబరులో అక్కడ ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభమయ్యాక, లక్షలు పోయలేని దంపతులకు ఒక దారి దొరికింది. ఖర్చు సంగతి సరే, శరీరం ఎలా స్పందిస్తుందన్న అనిశ్చితి అలాగే ఉంది. ఒకే మోతాదులో ఇచ్చిన, అండాలను పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లకు ఒకామెలో రెండు అండాలే వస్తాయి. ఇంకొకామెలో ఇరవై దాటి, అండాశయాలు ఉబ్బి, పొట్టలో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. అండాశయాల హార్మోన్ సమస్య పీసీఓఎస్ ఉన్నవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. వయసు, అండాల నిల్వను సూచించే ఏఎంహెచ్ హార్మోన్, స్కాన్‌లో కనిపించే ఫోలికల్స్ (అండం పెరిగే చిన్న సంచులు) చూసి డాక్టరు తొలి డోసు వేస్తారు. రెండు మూడు రోజులకోసారి స్కాన్ చేసి సరిదిద్దుతారు. ఈ అంచనాకు గణితం గట్టి ఆసరా కాగలదు.

ఎందుకంటే నెలసరిని నడిపేది హార్మోన్ల ఎదురుబొదురు సంభాషణ. అండాశయంలో తయారయ్యే ఈస్ట్రడయాల్ తక్కువగా ఉన్నంతకాలం, అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్‌ను అణచిపెడుతుంది. ఎక్కువ స్థాయిలో రెండు రోజులు నిలిస్తే అదే ఎల్‌హెచ్‌ను ఉప్పెనలా లేపుతుంది, అండం విడుదలవుతుంది. మెదడు నుంచి వచ్చే జీఎన్‌ఆర్‌హెచ్ తీరు ఇంకా విచిత్రం. గంటకోసారి విడతగా అందితే పనిచేస్తుంది, ఆగకుండా ఎక్కిస్తే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ పడిపోతాయి. ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం 1978లో కోతుల మీద దీన్ని తేల్చింది. అండాలు ముందే జారిపోకుండా ఐవీఎఫ్‌లో వాడే కొన్ని మందుల కిటుకు ఇదే.

ఇలా ఒకదాన్నొకటి లాగుతూ నెడుతూ ఉండేవాటిని పట్టుకోవడానికి కూడికలు, తీసివేతలు చాలవు, అవకలన సమీకరణాలు కావాలి. బెర్లిన్‌లోని జూజె ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన సుజానా రోబ్లిట్జ్ బృందం 2013లో 33 సమీకరణాలు, 114 పరామితులతో (శరీరాన్ని బట్టి నింపాల్సిన సంఖ్యలతో) నమూనా ప్రచురించింది. దానితో, అండాలు ముందే జారిపోకుండా ఆపే నఫారెలిన్, సెట్రోరెలిక్స్ మందులను ఏ రోజున ఎంత ఇస్తే నెలసరి చక్రం ఎటు మళ్లుతుందో కంప్యూటర్‌లో చూడవచ్చు.

నా పట్టుదల ఆ 114 సంఖ్యల మీదే. అవి ఎవరి శరీరాల కొలతలు? భారతీయ, స్పానిష్ మహిళలను పోల్చిన 2014 అధ్యయనంలో మనవాళ్ల అండాశయాలు సుమారు ఆరేళ్ల ముందే వయసు మీరినట్టు తేలింది. పుస్తకాల్లోని 28 రోజుల నెల కూడా అందరిదీ కాదు. 6 లక్షలకు పైగా చక్రాలను పరిశీలించిన 2019 అధ్యయనంలో సగటు 29.3 రోజులు. అక్కడి సమీకరణాలు తెచ్చుకుందాం, సంఖ్యలు మాత్రం ఇక్కడివి కావాలి.

అవి మన ఓపీ చీటీల్లో, స్కాన్ రిపోర్టుల్లో పుడుతూనే ఉంటాయి. ఏ రోజు ఎంత డోసు, ఎన్ని ఫోలికల్స్, ఏ సైజు, ఎన్ని అండాలు, ఇవన్నీ కాగితాల మీద మిగిలిపోతే ప్రతి కొత్త జంటా మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సిందే. సంతాన చికిత్సల మీద వచ్చిన 2021 చట్టం క్లినిక్‌లు రికార్డులు భద్రపరచాలంటోంది. గాంధీ వైద్యులు, హైదరాబాద్ ఐఐటీ గణితజ్ఞులు కలిసి కూర్చుంటే, పేర్లు తీసేసి, ప్రతి మహిళ అంగీకారం తెలుగులో, ఉర్దూలో అర్థమయ్యేలా తీసుకుని ఆ లెక్క కట్టవచ్చు. నమూనా డోసు సూచించాలి, రాసేది డాక్టరే. తొలి ఏడాది ఎవరి మోతాదూ మార్చకుండా, అంచనాను వచ్చిన అండాలతో పోల్చి చూడాలి. పీసీఓఎస్ ఉన్నవారితోనే మొదలుపెట్టాలి, తప్పు డోసు వల్ల ఎక్కువ నష్టపోయేది వాళ్లే.