అన్నీ పేనుకొరుకుళ్లు కావు

తలలో రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడిందంటే మన ఇళ్లలో దానికి ఒకటే పేరు... పేనుకొరుకుడు. పేరుతో పాటు వైద్యమూ సిద్ధమే. గురివింద గింజ అరగదీసి రాయమని అత్తగారు, ఉల్లిరసం పట్టించమని పక్కింటావిడ, వెల్లుల్లి రుద్దమని ఇంకొకరు. కొన్ని నెలలకు జుట్టు వచ్చేస్తుంది, పేరు గురివిందకు దక్కుతుంది! నిజానికి పేనుకొరుకుడులో వెంట్రుక కుదురు చావదు. చిన్న మచ్చలైతే, ఏమీ రాయకపోయినా చాలామందికి ఏడాది తిరిగేలోగా జుట్టు దానంతటదే వస్తుంది. (గురివింద గింజ విషమన్న సంగతి మాత్రం అరగదీసే వాళ్లలో ఎందరికి తెలుసో!)

చిక్కంతా రెండో రకంతోనే. అదీ పైకి ఇలాగే మొదలవుతుంది. కానీ ఆగదు, జుట్టు తిరిగి రాదు. డాక్టర్లు స్కారింగ్ అలోపేసియా అంటారు. మచ్చకట్టే జుట్టు రాలుడు అని మనం చెప్పుకోవచ్చు. వెంట్రుక రాలిపోయాక మళ్లీ మొలిపించే మూలకణాలు కుదురు పైభాగంలో, నూనె గ్రంథికి దగ్గరగా ఉంటాయి. ఈ జబ్బుల్లో మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలే అక్కడికి చేరి, వాపు పుట్టించి, ఆ మూలకణాలను నాశనం చేస్తాయి. కుదురు ఉన్నచోట పీచులాంటి కణజాలం పేరుకుంటుంది. విత్తనమే మాడిపోయాక ఎన్ని నీళ్లు పోస్తే ఏం లాభం? అందుకే మిగతా జుట్టు సమస్యల్లో చెల్లే ‘చూద్దాంలే’ ఇందులో చెల్లదు. ఇల్లంతా చిట్కాలు ప్రయత్నించే ఆ ఆరు నెలల్లో పోయిన కుదుళ్లు పోయినట్టే.

మరి తేడా తెలిసేదెలా? పేనుకొరుకుడు సాధారణంగా నొప్పి, మంట పెట్టదు. మచ్చలో వెంట్రుకల రంధ్రాలు సన్నగా కనిపిస్తూనే ఉంటాయి. రెండో రకంలో చాలామందికి దురద, మంట, ముట్టుకుంటే నొప్పి. అంచున మిగిలిన వెంట్రుకల మొదళ్ల చుట్టూ తెల్లటి పొట్టు. మధ్యలో చర్మం నున్నగా, మెరుస్తూ, రంధ్రాలే లేకుండా ఉంటుంది. మన చామనఛాయలో ఎరుపు తెలియదు, ఊదాగానో నల్లగానో కనిపిస్తుంది. ఒకరకం లూపస్‌లోనైతే చుట్టూ నల్లటి అంచు, నడుమ తెలుపు. అది చూసి బొల్లి అనుకుని, సంబంధాలు చూస్తున్న పిల్లకైతే గుట్టుగా దాచేసే తల్లులూ ఉన్నారు. ఆ గుట్టు ఖరీదు పిల్ల జుట్టు. ఎండ తగిలితే ముదిరే జబ్బు అది. కొందరిలో కీళ్లకు, మూత్రపిండాలకు కూడా పాకవచ్చు కనుక రక్తపరీక్షతో పాటు మూత్రపరీక్షా చేయిస్తారు.

లైకెన్ ప్లానస్ అనే చర్మవ్యాధి తలకు వచ్చినా ఇంతే. దాని కోవలోదే మరొకటుంది. 1994లో ఆస్ట్రేలియా వైద్యుడు స్టీవెన్ కోసార్డ్ ముట్లుడిగిన ఆరుగురు స్త్రీలలో చూసి రాశాడు. నుదుటి మీద జుట్టు గీత కొద్దికొద్దిగా వెనక్కి జరుగుతుంది, కనుబొమలు పల్చబడతాయి. యాభై దాటిన ఇల్లాలు వయసు మీద పడిందనుకుని కనుబొమలకు పెన్సిలు దిద్దుకుంటూ కూర్చుంటుంది.

చర్మవైద్యుల దగ్గరికి వెళ్లే రోజు తలకు నూనె పెట్టుకోవద్దు. వాళ్లు డెర్మోస్కోప్ అనే భూతద్దంతో చూస్తారు. అనుమానముంటే బయాప్సీ అంటారు. ఆ మాట వినగానే మనవాళ్లు హడలిపోతారు, క్యాన్సరేమోనని! తీసేది నాలుగు మిల్లీమీటర్ల ముక్క. మొద్దుబార్చే ఇంజెక్షన్, ఒకటో రెండో కుట్లు. పూర్తిగా నున్నబడిన నడిమధ్య నుంచి కాకుండా, జబ్బు ఇంకా నడుస్తున్న అంచు నుంచి తీస్తేనే సంగతి బయటపడుతుంది. ఉస్మానియా, గాంధీ, విశాఖ కింగ్ జార్జి, గుంటూరు జనరల్ ఆస్పత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. బ్యూటీపార్లర్‌లో ఇచ్చే సలహాకన్నా అక్కడి క్యూ వెయ్యిరెట్లు మేలు.

ఇక మందులు. పోయిన జుట్టును ఏ మందూ తేదు. ఉన్నది పోకుండా కాపాడటమే వైద్యం. ఈ మాట ముందే చెప్పే డాక్టరును నమ్మండి. వాపు తగ్గించే స్టెరాయిడ్ లోషన్లు, మచ్చ అంచుల్లోకి ఇంజెక్షన్లు, హైడ్రాక్సీక్లోరోక్విన్ లేక డాక్సీసైక్లిన్ మాత్రలు, ముదిరితే మరింత గట్టి మందులు... జబ్బును బట్టి. హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవారు మొదట్లోనూ, ఆ తర్వాత డాక్టరు చెప్పినప్పుడల్లానూ కళ్లు చూపించుకోవాలి. గర్భంతో ఉన్నా, అనుకుంటున్నా ఆ మాట డాక్టరుతో తప్పక చెప్పాలి. మెథోట్రెక్సేట్ లాంటివి కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. మందు పనిచేస్తోందనడానికి గుర్తు కొత్త జుట్టు కాదు. దురద తగ్గడం, మచ్చ పెరగకపోవడం. నెలలు పడుతుంది. రెండు నెలలకే విసిగి మానేసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్‌ను చూపు లేకుండా ఏళ్ల తరబడి రాసినా నష్టమే, చర్మం పల్చబడిపోతుంది.

జుట్టు నాటిస్తామన్న ప్రకటనలు చూసి తొందరపడొద్దు. జబ్బు పూర్తిగా సద్దుమణిగి కనీసం ఒకటి రెండేళ్లు గడవాలి. లేకపోతే నాటిన వెంట్రుకలనూ అదే మింగేస్తుంది.

జబ్బేమీ లేకుండా మనం చేజేతులా తెచ్చుకునేది కూడా ఒకటుంది. బిగుతు జడలు! రిబ్బన్లతో మడిచి కట్టిన రెండు జడలుంటే తప్ప లోపలికి రానివ్వని బళ్లు ఇంకా ఉన్నాయి. రోజూ లాగి కడితే ముందు కణతల దగ్గర నొప్పి, చిన్న చిన్న పొక్కులు, తర్వాత జుట్టు పల్చబడటం. అప్పుడే వదులు చేస్తే తిరిగి వస్తుంది. ఏళ్లు గడిస్తే అక్కడా మచ్చే. బరువైన సవరాలు రోజూ వేలాడదీసినా ఇదే తంతు. రేపు పొద్దున పాపకు జడ వేసేటప్పుడు ‘నొప్పమ్మా’ అంటే, కదలకుండా కూర్చోమని కసరకుండా కాస్త వదులు చేయండి. బళ్లో అడిగితే మీరే వెళ్లి మాట్లాడండి.