వంద రూపాయల పార్కింగుకి కోర్టుకెల్లాలా?

డిసెంబరులో ఒక ఆదివారం. హైదరాబాదులో పనిచేసే స్నేహితుడొచ్చాడు, మబ్బులు చూపించమన్నాడు. తెల్లారకముందే బండి తీసి మా కొండల్లోనే ఉన్న ఒక వ్యూపాయింటుకి ఎల్లాం. కింద చదును చేసిన నేల. నాలుగు గుంజలు, ఒక తాడు, ఒక ఫ్లెక్సీ. ‘బైకు 20, కారు 50’ అని రాసుంది. ఇరవై ఇచ్చాను, కాగితం ముక్కొకటి చేతిలో పెట్టారు. నాలుగు గంటల తర్వాత దిగొచ్చేసరికి బండి ముందు చక్రానికి గొలుసు ఉంది.

“అన్నా, రెండు గంటలు దాటిపోనాది. ఇంకో వంద కట్టాల.”

“బోర్డు మీద గంటల లెక్క ఎక్కడుంది తమ్ముడూ?”

“నాకేటి తెలుసన్నా? కాంట్రాక్టరు గారు సెప్పారు, నేను వసూలు సేత్తన్నాను. మీరు కట్టకపోతే నా కూలిలో కోసేత్తారు.”

ఆ గుంటడిది మా పక్క ఊరే. వాడితో దెబ్బలాడి లాభమేటి? ఫోన్లో వంద కొట్టాను, గొలుసు తీశాడు. కాగితం తిప్పి చూస్తే కాంట్రాక్టరు పేరు లేదు, తేదీ లేదు. ‘వాహనానికి యాజమాన్యం బాధ్యత వహించదు’ అన్న ముక్క మాత్రం ఉంది.

“కేసు వెయ్యరా, నేనైతే వదలను” అన్నాడు స్నేహితుడు. ఇంటికొచ్చి చెప్తే మా మామ నవ్వాడు. “వందకి కోర్టేటిరా? విశాఖ బస్సు కిరాయికే సరిపోదు.” ఇద్దరి మాటా నిజమే. అందుకే లెక్క వేసి చూశాను. ఈ సీజన్లో ఇలాంటి గొలుసు మీలో ఇంకెందరి బండ్లకి పడిందో. ఆ లెక్క మీకూ పనికొస్తుంది.

ముందు చట్టం సంగతి. ఇంగ్లండు లాంటి చోట్ల చిన్న సొమ్ముల తగాదాలకి వేరే కోర్టు దారి ఉంది. మన ఏజెన్సీలో సివిల్ తగాదాలు 1924 ఏజెన్సీ రూల్సు ప్రకారం రెవెన్యూ అధికారుల దగ్గరకి పోతాయి. వందకి అటు ఎల్లేవాడెవడూ లేడు. మనకి పనికొచ్చేది వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకొని బండి పెట్టనిస్తే అది సేవ, డబ్బు కట్టినోడు వినియోగదారుడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు లేదు. లాయరు అక్కర్లేదు. రెండేళ్ల లోపు వెయ్యాలి. పార్కింగు ఎక్కడున్నా సరే, మనం ఉంటున్న చోటో పనిచేస్తున్న చోటో ఉన్న కమిషన్లో వెయ్యొచ్చు. ఫిర్యాదు ఆన్‌లైన్లో పెట్టొచ్చు, వాయిదాకి వీడియోలో హాజరవుతామని అడగొచ్చు. రసీదు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టం కింద తప్పే. నేను కట్టిన వందకి కాగితమే ఇవ్వలేదు. ఫోన్లో పడిన మెసేజి తప్ప నా దగ్గర ఏదీ లేదు.

వినడానికి బాగానే ఉంది. మరి కష్టం ఎక్కడంటే, మాకు కమిషన్ అంటే విశాఖపట్నం దిగాలి. అరకు నుంచి దగ్గర దగ్గర 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు. ఒక్క వాయిదాకి ఎల్లొస్తే ఒక రోజు కూలి పోతుంది, కిరాయి పోతుంది. వీడియోలో హాజరవుదామంటే సగం ఊళ్లలో సిగ్నలు కోసం గుట్టెక్కాలి. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో రాసుంది గానీ, కేసులు అంత తొందరగా తెమలవు. మా స్నేహితుడు వేస్తే హైదరాబాదులో ఇంటి దగ్గరే వేసుకుంటాడు. చట్టం ఇద్దరికీ ఒకటే, దూరం ఒకటి కాదు.

పట్టుదలకి ఎంత ఖరీదవుతుందో ఉత్తరప్రదేశ్‌లో మథుర లాయరు తుంగనాథ్ చతుర్వేది కేసు చెప్తుంది. 1999 డిసెంబరు 25న రెండు రైలు టికెట్లు కొన్నాడు. కట్టాల్సింది 70, కౌంటరులో 90 తీసుకున్నారు. ఇరవై రూపాయల కోసం రైల్వే మీద కేసేశాడు. వందకి పైగా వాయిదాలు తిరిగాడు. 2022 ఆగస్టులో గెలిచాడు. ఇరవైకి 12 శాతం వడ్డీ, పైన 15 వేలు ఇమ్మన్నారు. పేపర్లన్నీ ఆయన్ని మెచ్చుకున్నాయి. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆయన తనే లాయరు, ఉన్నదీ ఆ ఊళ్లోనే. 22 ఏళ్లు తిరగడం పోడు చేసుకునేవాడి వల్ల అయ్యే పని కాదు.

ఎల్లిన ప్రతివాడూ గెలవడు కూడా. ఇంగ్లండులో చెమ్స్‌ఫర్డ్ అనే ఊళ్లో బారీ బీవిస్ షాపింగ్ స్థలంలో కారు పెట్టాడు. రెండు గంటలు ఉచితం. ఆయన 56 నిమిషాలు ఎక్కువున్నాడు. ప్రైవేటు కంపెనీ 85 పౌండ్లు కట్టమంది. అన్యాయమని సుప్రీంకోర్టు దాకా ఎల్లాడు. 2015 నవంబరులో ఓడిపోయాడు. చుట్టూ పెద్ద పెద్ద బోర్డులున్నాయి, టైము దాటితే ఎంతో వాటి మీద స్పష్టంగా రాసుంది. అది చూసే కారు పెట్టావు కాబట్టి ఒప్పుకున్నట్టే అన్నారు జడ్జీలు. అది మన చట్టం కాదు గానీ, అందులో మనకో పాఠముంది. గొడవ ఎప్పుడూ బోర్డు దగ్గరే తేలుతుంది. ముందే చెప్పి తీసుకుంటే రేటు ఎక్కువైనా కొట్టించడం కష్టం. చెప్పకుండా తీసుకుంటే అడిగే హక్కు మనది. నా కేసులో ఫ్లెక్సీ మీద గంటల మాటే లేదు. దిగేటప్పుడు మా స్నేహితుడు ఫ్లెక్సీకి ఫోటో తీశాడు. నా దగ్గరున్న బలం ఆ ఫోటోయే.

హైదరాబాదు మాల్స్‌లోనూ ఈ గొడవ ఏళ్ల తరబడి నడిచింది. 2018లో తెలంగాణ ప్రభుత్వం జీవో 63 తెచ్చింది. మొదటి అరగంట ఉచితం, బిల్లు చూపిస్తే గంట దాకా ఉచితం అంది. జనం అడగ్గా అడగ్గా ఒక రూలు వచ్చింది. మా కొండ కింద గుంజలకి అలాంటి రూలు కూడా లేదు.

అందుకే మన దగ్గర ‘వంద ఎక్కువా తక్కువా’ అన్నది రెండో ప్రశ్న. మొదటిది, ఈ నేల మీద ఆశీలు వసూలు చెయ్యమని ఎవరు చెప్పారు? ఆ స్థలం పంచాయతీదా, అటవీ శాఖదా, టూరిజం వాళ్లదా, ఒక గిరిజన రైతు పట్టా భూమా? బండ్ల స్టాండు పెట్టి రుసుము తీసుకునే అధికారం 1994 పంచాయతీరాజ్ చట్టం పంచాయతీకి ఇచ్చింది. పంచాయతీ వేలంపాట పెడితే దానికి తీర్మానం ఉండాలి, రేట్ల పట్టీ ఉండాలి, ఆ డబ్బు పంచాయతీ లెక్కలో కనిపించాలి. పట్టా భూమిని కింద నుంచొచ్చిన గిరిజనేతరుడు లీజుకి తీసుకుంటే 1/70 చట్టం ముందు అది చెల్లదు. అమ్మకమే కాదు, లీజు కూడా ఆ చట్టం కిందకొస్తుంది. ఇదే అనంతగిరి మండలం నేల గురించి నడిచిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకి ఇవ్వకూడదంది. గనులు వేరు, పార్కింగు వేరు. నేల లీజు వేరు, ఆశీలు పాట వేరు. కలిపి మాట్లాడితే మనమే తప్పులో పడతాం. కానీ ఏది ఏదో తెలియాలంటే కాగితం చూడాలి కదా.

ఆ కాగితం అడగడానికి కోర్టు అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం చాలు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకి ఫీజే లేదు. మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నేను తెల్లకాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసి పంచాయతీ కార్యదర్శికి ఇచ్చాను. స్థలం ఎవరిది? వసూలుకి అనుమతి ఎవరిచ్చారు? ఆమోదించిన రేట్లు ఏవి? వచ్చిన సొమ్ము ఏ ఖాతాలో పడుతోంది? ఇచ్చినట్టు సంతకం తీసుకున్నాను. ఆ సంతకం మర్చిపోవద్దు. అది లేకపోతే ముప్పై రోజులు ఎప్పటినుంచి లెక్కెట్టాలో ఎవరూ ఒప్పుకోరు.

ఆ గుంటడి సంగతి కూడా చెప్పాలి. ఫిర్యాదులో వాడి పేరు రాయను. ఎండలో చలిలో గొలుసు పట్టుకుని నిలబడేది మనోడు, తిట్లు తినేది మనోడు, డబ్బు లెక్కపెట్టుకునేవాడు ఎక్కడో ఉంటాడు. టూరిస్టు మన పిల్లడి మీద చెయ్యెత్తితే అడ్డమెల్లాలి. కానీ మనోడు నిలబడ్డాడు కదాని దొంగ రేటు మంచిదైపోదు. నిజానికి రేట్ల బోర్డు, రసీదు పుస్తకం సరిగ్గా ఉంటే ముందు బాగుపడేది వాడే. రోజూ పదిమందితో దెబ్బలాట తప్పుతుంది.

నా నిర్ణయం చెప్తాను. పంచాయతీ జవాబు వచ్చాక కాంట్రాక్టరుకి రిజిస్టరు పోస్టులో ఒక ఉత్తరం పంపుతాను. నా వంద తిరిగివ్వాలి, బోర్డు మీద పూర్తి రేట్లు రాయాలి, గొలుసు తియ్యాలి. పదిహేను రోజులు గడువు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్తాను. అయినా కదలకపోతే కమిషన్లో వేస్తాను. ఆధారం ఉంది, ముందే చెప్పకుండా తీసుకున్నారు, రెండేళ్ల గడువుంది. ఈ మూడింట్లో ఒక్కటి లేకపోయినా మా మామ మాటే విని వదిలేద్దును. మీరూ అలాగే చూసుకోండి. బోర్డుకి ఫోటో లేదు, డబ్బు చేతికిచ్చారు, కాగితం పారేశారు అంటే ఆ వంద పోయిందనుకోండి. వచ్చేసారి బండి పెట్టేముందే ఫోన్ తియ్యండి, డబ్బు ఫోన్లోనే కొట్టండి.

వంద తిరిగొస్తుందో రాదో తెలీదు. “ఖర్చు ఎవడిస్తాడ్రా?” అని మామ మళ్లీ అడిగాడు. నిన్న మాత్రం తనే ఇంకో మాటన్నాడు. “ఆ నేల మా సిన్నప్పుడు పశువులు మేపిన మంద బయలు. అక్కడ గుంజలెవరు పాతారో నువ్వడుగు. కమిషన్కి ఎల్లాల్సొస్తే నేనూ వత్తాను.”